ఏమీ అడగని దయ్యాలు

మన పల్లెల్లో ఎవరికైనా దయ్యం పట్టిందనుకున్నప్పుడు భూతవైద్యుడు వేపమండ చేతబట్టి మొదట అడిగేది ‘ఎవరు నువ్వు?’ అని. రెండోది ‘ఏం కావాలి?’ అని. ఈ రెండింటికీ జవాబు రాబట్టకుండా దాన్ని వదిలించడం కుదరదని నమ్మకం. పట్టింది నోరు విప్పి పేరూ ఊరూ చెబుతుంది. తన పొలం ఎవరు కలుపుకున్నారో, తనకు దినం ఎవరు పెట్టలేదో ఏకరువు పెడుతుంది. ఆ మాటల్లో సగం ఆ ఇంటి కోడలు మామూలు రోజుల్లో పైకి అనలేనివే కావచ్చు. అయినా ఇంటిల్లిపాదీ కూర్చుని వింటారు. దయ్యం ఉందా లేదా అన్న తగువు జోలికి ఈ వ్యాసం పోదు. మనవాళ్ల లెక్కలో దయ్యమంటే తీరని బాకీ అన్నది మాత్రం గుర్తుంచుకోవాలి. ఎవరో ఎవరికో ఏదో ఎగ్గొట్టారు, అది వసూలుకొచ్చింది. ఈ లెక్క పట్టుకుని అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని జెరోమ్‌ని చూస్తే ఒక తిరకాసు కనబడుతుంది. మింగస్ పర్వతం వాలుకు 5,000 అడుగుల ఎత్తున అతుక్కుని ఉన్న పాత రాగి గనుల పట్టణం అది. దయ్యాలకు అక్కడ ఏ లోటూ లేదు. కానీ అవి ఎవరినీ ఏమీ అడగవు.

ఫీనిక్స్ నుంచి కారులో రెండు గంటల దారి. ఫీనిక్స్, చాండ్లర్ చుట్టుపక్కల చిప్ కంపెనీల్లో, సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో పనిచేసే తెలుగువాళ్లు శనాదివారాల్లో సెడోనా ఎర్రకొండలకు వెళ్లినప్పుడు, పక్కనే కదా అని ఈ ఊళ్లోనూ ఒక పూట గడిపి వస్తుంటారు. (వాళ్లు చేసే చిప్పుల లోపలి సన్నటి తీగలూ రాగివే.) 89ఏ రోడ్డు మెలికలు తిరుగుతూ ఊళ్లోకి ఎక్కుతుంది. ఒక వరస ఇళ్ల వాకిళ్లు కింది వరస ఇళ్ల కప్పులతో సమానంగా ఉండేంత నిటారు వాలు. బర్గర్లు అమ్మే చోటు పేరు హాంటెడ్ హాంబర్గర్. బసకు ఘోస్ట్ సిటీ ఇన్ ఉంది. అన్నిటికంటే పైన, కొండ భుజం మీద, ఐదంతస్తుల జెరోమ్ గ్రాండ్ హోటల్. దయ్యాలను వెతకడానికని విద్యుదయస్కాంత క్షేత్రాన్ని కొలిచే చిన్న మీటర్లు చేతికిచ్చి ఆ హోటల్లో రాత్రిపూట జనాన్ని తిప్పుతారు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం మనకు తెలుసు. ఇక్కడ దయ్యం పేరు చెప్పి గదులు, బర్గర్లు, టోపీలు, కాఫీ కప్పులు అమ్ముకుంటారు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు, ఊరన్నాక బతకాలి. అడగాల్సింది వేరే ఉంది: ఇంతమంది చచ్చిన ఊళ్లో దయ్యమయ్యే యోగం ఎవరికి పట్టింది, ఎవరికి పట్టలేదు?

ఈ వ్యవహారమంతా ఒక మాట నుంచి మొదలైంది. జనం వదిలేసి పోయిన ఊరిని ఇంగ్లీషులో ఘోస్ట్ టౌన్ అంటారు. ఊరే చచ్చి దాని నీడ మిగిలిందని ఆ మాటకు అర్థం తప్ప, ఊళ్లో దయ్యాలున్నాయని కాదు. తెలుగులో మనం పాడుబడ్డ ఊరు అంటాం, ఆ మాటలో ఏ దయ్యమూ లేదు. పత్రికలు తర్జుమా తొందరలో ‘దయ్యాల పట్టణం’ అని రాసినప్పుడే మనకు అది దూరుతుంది. జెరోమ్‌లో సరిగ్గా ఇదే జరిగింది, కాకపోతే తర్జుమా అక్కర్లేకుండా. 1953లో ఫెల్ప్స్ డాడ్జ్ కంపెనీ గనులు మూసేసింది. మిగిలిన కొద్దిమంది అదే ఏడాది జెరోమ్ హిస్టారికల్ సొసైటీ పెట్టుకుని, అమెరికాలోకెల్లా పెద్ద ఘోస్ట్ సిటీ చూడటానికి రండని పిలిచారు. అప్పటికి వాళ్లు చూపించింది ఖాళీ కొట్లను, పగిలిన అద్దాలను, బీటలువారిన గోడలను. దయ్యాలు తరవాత వచ్చాయి. బోర్డు మీద పేరుందిగా, ఇక సరుకు లేకపోతే ఎలా అన్నట్టు.

ఖాళీతనానికీ కొంచెం రంగు పూశారు. జెరోమ్ మంచి రోజుల్లో 15,000 మంది ఉండేవారని ప్రతి కరపత్రమూ చెబుతుంది. 1930 జనగణన ఊరి పొలిమేరల్లో లెక్కించింది 4,932 మందిని. గనులు మూసేశాక 50 మందే మిగిలారని అదే కరపత్రం చెబుతుంది. 1960 జనగణనలో 243 మంది ఉన్నారు. పైకెక్కినప్పుడు మూడింతలు ఎక్కించి, కిందపడ్డప్పుడు ఐదో వంతుకు దించారన్నమాట. చుట్టుపక్కల గని క్యాంపులన్నీ కలిపితే పెద్ద అంకె కొంత సర్దుకుంటుందేమో. మధ్యలో ఏదో ఒక ఏడు జనం మరీ పలచబడి ఉండొచ్చు కూడా. కానీ రెండు తప్పులూ ఒకే వైపు మొగ్గాయి. ఎంత ఎత్తు నుంచి పడితే అంత గొప్ప శిథిలం. ఇప్పుడక్కడ ఉండేది నాలుగు వందల అరవై మంది చిల్లర. 1960లు, 70లలో వచ్చి చవకగా ఇళ్లు కొనుక్కున్న చిత్రకారులు, కుమ్మరులు, హిప్పీలే ఊరికి మళ్లీ ప్రాణం పోశారు.

ఇక ఆ హోటల్ సంగతి. అది హోటల్‌గా పుట్టలేదు. యునైటెడ్ వెర్డీ కాపర్ కంపెనీ తన కార్మికుల కోసం కట్టిన ఆసుపత్రి. 1926లో కాంక్రీటు పోశారు, 1927లో తలుపులు తెరిచారు, గనులు చివరి దశకు చేరాక 1950లో మూసేశారు. ఆ తరవాత 44 ఏళ్లు ఖాళీగా పడి ఉంది. 1994లో ఒక కుటుంబం కొని బాగుచేయించి, 1996లో హోటల్‌గా తెరిచింది. ఆసుపత్రినాటి లిఫ్టు ఇప్పటికీ పనిచేస్తుంది. 1935లో ఆసుపత్రి మరమ్మతులు చూసే ఉద్యోగి ఒకాయన దాని కింద చచ్చిపడి కనిపించాడు. ప్రమాదమని అధికారులు తేల్చారు, హత్య అని ఊరు అనుకుంది. ఆయనే ఆ హోటల్లో పేరు మోసిన దయ్యం. ఆయన కాక తెల్ల గౌనులో నర్సు ఒకావిడ, వరండాలో పరిగెత్తే చిన్నపిల్లాడు, ఎవరూ లేని గదిలో దగ్గు. ఈ ఆత్మలు చేసే పనులేమిటని చూస్తే లైట్లు ఆర్పడం, కుళాయి తిప్పడం, నిద్రపోయేవాళ్ల కాలి మీద చల్లటి చెయ్యి వేయడం. ఒక్కటంటే ఒక్కటి కూడా కంపెనీ లెక్కలు బయటపెట్టమని అడిగిన దాఖలా లేదు. ఆ దగ్గు దేనివల్ల వచ్చిందో చెప్పిందీ లేదు.

దయ్యాలు కనబడే చోట్లను పటం మీద గుర్తుపెట్టుకుంటూ పోతే మరొకటి తేలుతుంది. హోటల్, బార్లు, తినుబండారాల కొట్లు, వేశ్యావాటిక నడిచిన సందు, పాత జైలు. అన్నీ నేల మీదివే, మనిషి నడిచివెళ్లగల చోట్లే, చాలామటుకు పైసలిచ్చి లోపలికి పోయేవే. ఊరి కింద 88 మైళ్ల సొరంగాలున్నాయంటారు. పగలనక రాత్రనక, మూడు తరాల పాటు మనుషులు దిగినది అక్కడికి. బండ పడి, డైనమైట్ ముందే పేలి, గనిలోకి దించే బోను నుంచి జారి చచ్చింది అక్కడ. సల్ఫైడ్ ఖనిజంలో 1894లో అంటుకున్న మంట ఏళ్ల తరబడి ఆరలేదు. చివరికి దాన్ని తప్పించుకోవడానికే పైనుంచి కొండను తవ్వేసి ఓపెన్ పిట్ చేయాల్సి వచ్చింది. నరకం అనే మాటకు నిలువెత్తు బొమ్మ కావాలంటే ఇంతకంటే ఏం కావాలి? అయినా దయ్యాల కథల్లో ఆ సొరంగాల వాటా ఒకటి రెండే. అక్కడికి టికెట్ అమ్మడం కుదరదు మరి. పిశాచాలు శ్మశానాల్లో ఉంటాయని మన పెద్దలు నమ్మారు. జెరోమ్‌లో అవి పార్కింగ్ ఉన్నచోట ఉంటాయి.

దగ్గు సంగతి కాస్త ఆగి చూడాలి. గాలి ఒత్తిడితో నడిచే డ్రిల్లు గట్టిరాతిలో దిగినప్పుడు లేచే పొడిలో సిలికా ఉంటుంది. కంటికి ఆనని ఆ గాజుపొడి ఊపిరితిత్తుల్లోకి పోయి అక్కడే ఉండిపోతుంది. దాని చుట్టూ మచ్చకట్టి, ఊపిరితిత్తి క్రమంగా గట్టిపడి, మనిషి నాలుగు మెట్లు ఎక్కలేని స్థితికి వస్తాడు. క్షయ తోడైతే ఆ కాస్త ఊపిరీ ఉండదు. నీటిధార లేని పాత డ్రిల్లుకు అమెరికా గనుల్లో పెట్టిన ముద్దుపేరు ‘విధవల్ని చేసేది’. ఈ చావుకు ముహూర్తం ఉండదు, ఒక్క రోజులో రాదు, ఒక్క గదిలో జరగదు, నెత్తురు కనబడదు. మనిషి ఉద్యోగం మానేసి, ఊరు మారి, పదేళ్లకు ఇంకెక్కడో పోతాడు. దయ్యం కథకు పనికొచ్చే దినుసు ఒక్కటీ అందులో లేదు. కంపెనీ ఆసుపత్రిలో అదే కంపెనీ జీతం తీసుకునే డాక్టరు రాసే కాగితంలో ఆ దుమ్ముకు ఎంత చోటు దొరుకుతుందో ఊహించడం కష్టం కాదు.

ఇప్పుడు ఆ కొండవాలు మీదే ఉన్న మరో ఇంటికి పోదాం. లిటిల్ డైసీ గని యజమాని జేమ్స్ డగ్లస్ 1916లో కట్టించుకున్న భవనం అది. 1965 నుంచి రాష్ట్ర ప్రభుత్వ చారిత్రక ఉద్యానంగా, మ్యూజియంగా నడుస్తోంది. మట్టి ఇటుకల గోడలు, వైన్ దాచుకునే నేలమాళిగ, బిలియర్డ్స్ గది, పాలరాతి షవర్, ఇల్లంతా వెచ్చగా ఉంచే ఆవిరి గొట్టాలు. వీటన్నిటితో పాటు ఆ కాలానికి అపురూపమైన సెంట్రల్ వాక్యూమ్ ఏర్పాటు: ఇంట్లో చేరిన దుమ్మును గొట్టాల గుండా పీల్చి బయటికి పంపే యంత్రం. యజమాని కంబళి మీద పడ్డ దుమ్మును పీల్చడానికి 1916 నాటికే ఒక యంత్రం ఉంది. ఆయన గనిలో దుమ్మును పీల్చే పని మనుషులది. ఇలాంటి ఇంట్లో కార్మికుల చరిత్ర చెప్పే మ్యూజియం పెట్టడం మన జమీందారు గడీలో రైతుకూలీ సంఘం ప్రదర్శన పెట్టినట్టే ఉంటుంది. అయినా పెట్టినందుకు మెచ్చుకోవాలి, ఎందుకంటే కొండ కడుపులోని సొరంగాల వల మొత్తాన్ని చూపించే నమూనా అక్కడే ఉంది. పైన అగ్గిపెట్టెల్లాంటి ఊరు. దాని కింద ఆ ఊరికంటే ఎన్నో రెట్లు పెద్దదైన, చెట్టు వేర్లలాంటి చీకటి ఊరు.

కథల్లోకి ఎక్కనిది దుమ్మొక్కటే కాదు. 1917 జులై 10. మొదటి ప్రపంచ యుద్ధంలోకి అమెరికా దిగింది, రాగి ధర కొండెక్కింది, జీతాలు ఎక్కలేదు. సమ్మె నడుస్తోంది. పొద్దున్నే ఊరి పెద్దలు, వ్యాపారులు, కంపెనీ వైపు మనుషులు తుపాకులూ కర్రలూ పట్టుకుని ఇళ్లమీద పడి, ఐడబ్ల్యుడబ్ల్యు అనే కార్మిక సంఘంవాళ్లని తాము అనుకున్నవాళ్లను పోగుచేశారు. అరవై మందికి పైగా మనుషుల్ని పశువుల బోగీల్లో ఎక్కించి కాలిఫోర్నియా సరిహద్దులోని నీడిల్స్ వైపు తరిమారు. అక్కడివాళ్లు దింపుకోనివ్వలేదు. వారెంటు లేదు, విచారణ లేదు. రెండు రోజుల తరవాత, జులై 12న, అదే రాష్ట్రంలోని బిస్బీ అనే మరో రాగి పట్టణంలో దీన్నే భారీగా చేశారు. షెరీఫ్ ముందుండి నడపగా సుమారు 1,200 మందిని పోగుచేసి, ఎండలో పశువుల బోగీల్లో తోలుకుపోయి న్యూ మెక్సికో ఎడారిలో దించారు. వాళ్లలో మెక్సికన్లు, తూర్పు యూరప్ నుంచి వలసవచ్చినవాళ్లు ఎక్కువ. అధ్యక్షుడు విల్సన్ వేసిన కమిషన్ ఇది చట్టవిరుద్ధమంది. 1920లో సుప్రీంకోర్టు మాత్రం దీన్ని శిక్షించే కేంద్ర చట్టమేదీ లేదంది. ఎవరికీ శిక్ష పడలేదు. మనవైపు దయ్యం పుట్టడానికి ఇంతకంటే బలమైన కారణం ఉండదు. అన్యాయం పట్టపగలు జరిగింది, చేసినవాళ్లు ఊళ్లోనే పెద్దమనుషులుగా బతికారు, కోర్టు చేతులెత్తేసింది. అయినా జెరోమ్ బార్లలో సారా గ్లాసులు కదిపే ఆత్మల మధ్య పశువుల బోగీ ఎక్కినవాడి ఊసు రాదు.

ఆస్తిపరుల వైపు చూస్తే అసలైన ఖాళీ కొంపలు అక్కడే దొరుకుతాయి. ఊరు ఎవరి పేరు పెట్టుకుందో ఆ యూజీన్ జెరోమ్ న్యూయార్క్ లాయరు, పెట్టుబడిదారు. ఈ ఊరి మొహం ఎప్పుడూ చూడలేదు. 1888లో గని చేజిక్కించుకున్న విలియం క్లార్క్ మోంటానాలో సెనేట్ సీటు కోసం శాసనసభ్యులను కొన్నాడన్న గొడవలో 1900లో రాజీనామా చేసినవాడు. ఇప్పటి లాస్ వేగస్ ఉన్న జిల్లాకు ఆయన పేరే పెట్టారు. న్యూయార్క్ ఐదో అవెన్యూలో ఆయన కట్టిన 121 గదుల భవనం 1911లో పూర్తయి, 1927లో నేలమట్టమైంది. జెరోమ్ ఆసుపత్రి తలుపులు తెరిచిందీ ఆ ఏడాదే. ఆయన చిన్న కూతురు హ్యూగెట్‌కు కాలిఫోర్నియాలో సముద్రం ఒడ్డున భవనం, కనెక్టికట్‌లో అడుగుపెట్టి కాపురముండని ఇంకో భవనం, ఐదో అవెన్యూలో అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. అన్నీ తుడిచి, దులిపి, ఖాళీగా ఉంచి, చివరి ఇరవై ఏళ్లు న్యూయార్క్ ఆసుపత్రి గదుల్లో ఆవిడ గడిపింది. 2011లో, 104 ఏళ్ల వయసులో కన్నుమూసింది. రాగి సంపాదించిన ఇళ్లు ఖాళీగా ఉంటే రాగికోసం కట్టిన ఆసుపత్రి గదులు శనివారం రాత్రికి దొరకడం కష్టం.

కార్మికులకు మాత్రం దయ్యాల నమ్మకాలు లేవా, ఉన్నాయి కదా, మీరే వాళ్ల తరఫున నాస్తికత్వం పుచ్చుకున్నారేమిటి అని ఎవరైనా అడగొచ్చు. ఉన్నాయి, బోలెడు. ఇంగ్లండులోని కార్న్‌వాల్ నుంచి అమెరికా గనులకు వచ్చినవాళ్లు టామీనాకర్లనే పొట్టి గనిపిశాచాలను వెంట తెచ్చుకున్నారు. అవి గోడలో టకటకా కొడితే కప్పు కూలబోతోందని అర్థం. వాటికోసం మధ్యాహ్నం తినే పేస్టీ అంచు ముక్క విరిచి పక్కన పెట్టేవారు. ఆ టకటకకు బండలో కారణముంది. కప్పు బరువు దిగుతున్నప్పుడు రాయి చిట్లుతుంది, ఆనించిన దుంగలు కిర్రుమంటాయి. ఉక్కు స్తంభం మాటామంతీ లేకుండా వంగితే, కొయ్య దుంగ ముందుగా మూలుగుతుందని పాత గనివాళ్లు దాన్నే నమ్మేవారు. చెవి రిక్కించడం నేర్పే దయ్యం అది, డ్యూటీ చేసే దయ్యం. మన సింగరేణిలో బాయి దిగేముందు మైసమ్మకు దండం పెట్టుకోవడంలోనూ ఉన్నది ఈ బుద్ధే. 1889లో ఇల్లందులో బొగ్గు తవ్వకం మొదలైనప్పటి నుంచి బండ ఎప్పుడు పడుతుందో తెలియని బతుకు అది. గని లోపలి నమ్మకం రేపటి షిఫ్టు గురించి హెచ్చరిస్తుంది. హోటల్ దయ్యం నిన్నటిదాన్ని కూడా సరిగా చెప్పదు. రెండిటినీ దయ్యాలనే అంటాం కాబట్టి ఒకే గాట కట్టేస్తాం.

దయ్యాలే ఊరిని కాపాడాయి కదా అన్నది రెండో మాట, ఇది తేలిగ్గా తోసిపుచ్చేది కాదు. ఆ కాంక్రీటు ఆసుపత్రి మరో ఇరవై ఏళ్లు అలాగే ఉండి ఉంటే కిటికీలు, పైపులు, చివరికి లిఫ్టు కూడా పాత ఇనుప సామాను కొట్టుకు చేరేవి. గది అద్దెల్లో దయ్యాలు తెచ్చిపెట్టే భాగంతో ఆ గోడలు నిలబడ్డాయి. నిజమే. అయితే కొట్లు, ఇళ్లు కూల్చకుండా ఆపింది 1953 నాటి సొసైటీ, తరవాత వచ్చిన కళాకారులు. 1960లలోనే కేంద్ర ప్రభుత్వం ఊరిని జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించింది. టార్చిలైటు టూర్లు అప్పటికి లేవు. పైగా కాపలా కాసే దయ్యం ఎలా ఉంటుందో చూడాలంటే కాలిఫోర్నియాలోని బోడీ అనే పాడుబడ్డ బంగారు గనుల ఊరుంది. అక్కడ ఏ మేకు ముక్క, ఏ సీసా పెంకు జేబులో వేసుకున్నా శాపం తగులుతుందని ప్రచారం. దొంగతనాలు ఆపడానికి పార్కు సిబ్బందే పుట్టించారంటారు. ఉద్యోగం పోయింది, కారు గుద్దుకుంది, క్షమించండంటూ ఉత్తరంతో సహా సామాను తిప్పి పంపేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. గుప్తనిధికి భూతం కాపలా ఉంటుందన్న మన నమ్మకానికి అన్నదమ్ముడీ శాపం. కట్టుకథే, కానీ దానికో పని ఉంది. ఊరి మేకుల్ని ఊళ్లోనే ఉంచుతుంది.

ఆడవాళ్లు, వేశ్యలు, రోగులు ఏ కంపెనీ రికార్డులోనూ చోటు దొరకనివాళ్లు, దయ్యాల కథల్లోనైనా వాళ్లకు చోటు దక్కింది కదా అని వాదించేవాళ్లూ ఉన్నారు. ఇందులో కొంత పస ఉంది. 1931లో జెరోమ్‌లో ఒక వేశ్యను ఎవరో గొంతు నులిమి చంపారు, హంతకుడెవరో తేలలేదు. కథలే లేకపోతే ఆవిడను ఇప్పుడు తలుచుకునేవాళ్లు ఉండకపోవచ్చు. కానీ కథ ఆవిడకిచ్చిన చోటు ఏపాటిది? చంపినవాడు ఫలానా పెద్దింటి కొడుకా కాదా అన్న గుసగుస దగ్గర ఆగిపోతుంది. జీతాలరోజు రాత్రి వందలమంది ఒంటరి మగవాళ్లు బారులు తీరే ఊరిని అలా కట్టిందెవరు, ఆ సందు అద్దెలు ఎవరి జేబులోకి పోయాయి, పోలీసు కేసు ఎందుకు చల్లారింది అన్నవాటి దాకా పోదు. చావుకు ఒక దుర్మార్గుడు దొరికితే చాలు, దయ్యం కథ తృప్తిపడుతుంది. జీతం చిట్టా రాసినవాడిని, గని కప్పుకు దుంగలు తగ్గించినవాడిని, డ్రిల్లుకు నీటిగొట్టం దండగ అన్నవాడిని దుర్మార్గుడిగా చూపించే తీరిక దానికి లేదు. అక్టోబరులో హిస్టారికల్ సొసైటీ నడిపే ఘోస్ట్ వాక్‌లో నటులు వీధుల్లో నిలబడి ఊళ్లో జరిగిన సంగతులు ఆడి చూపిస్తారు. పేరుకు దయ్యాల నడకే అయినా అందులో పేర్లు, సంవత్సరాలు, తగాదాలు ఉంటాయి. తేడా కనబడటానికి అదొక్కటి చాలు.

సరదాకి పోయిన చోట ఇంత గుచ్చిగుచ్చి అడగడం అవసరమా? భయం అమ్ముకోవడం, కొనుక్కోవడం లోకంలో కొత్తేమీ కాదు. జాతరలో దయ్యాల కొంపకు టికెట్ కొని దూరని పిల్లాడు మన దగ్గర మాత్రం ఉన్నాడా? ఒప్పుకోవలసిందే. అయితే భయమే కావాలంటే జెరోమ్‌లో నిజమైనదే దొరుకుతుంది. డైనమైట్ పేలుళ్లకు, చెట్లు పోయి వదులైన మట్టికి, ఊరి కిందున్న భ్రంశానికీ కలిపి 1930లలో ఊరి జైలు పునాదితో సహా కొండవాలున జారి, రోడ్డు దాటి, 225 అడుగులు కిందికొచ్చి ఆగింది. ఇప్పటికీ అక్కడే ఒరిగి ఉంది. ఇనుపచువ్వలు నిలువుగా లేవు, గోడ మీద పగులు మెట్లలా పాకింది. డగ్లస్ భవనం పక్కన ఆడ్రీ షాఫ్ట్ అనే నిలువు గొయ్యి మీద దళసరి అద్దం పరిచారు. దానిమీద నిలబడి కిందికి చూడొచ్చు. లోతు 1,900 అడుగులు. కొంతమేర దీపాలు కనబడతాయి, ఆపైన కాటుక. రోజూ మనుషులు బోనులో నిలబడి ఆ కాటుకలోకే దిగేవారు, పన్నెండు నెలలూ, రోజు కూలికి.

బిస్బీ కూడా దయ్యాలమ్ముకునే ఊరే. 1902 నాటి కాపర్ క్వీన్ హోటల్‌లో ఆత్మలున్నాయని అక్కడా చెబుతారు. కానీ అదే ఊళ్లో 1976 నుంచి పాత గనిలోకి సందర్శకులను రైలుబండి మీద తీసుకుపోతున్నారు. మాజీ గని కార్మికులే దారి చూపిస్తూ డ్రిల్లు ఎలా పట్టాలో, మందు ఎలా దట్టించాలో చెబుతారు. 2017లో, గెంటివేతకు నూరేళ్లు నిండినప్పుడు, ఊరివాళ్లే వేషాలు కట్టి ఆ రోజును వీధుల్లో మళ్లీ ఆడారు. దాన్ని ‘బిస్బీ 17’ అనే డాక్యుమెంటరీగా తీశారు. అందులో ఇద్దరు అన్నదమ్ములున్నారు. వాళ్ల తాత 1917లో తుపాకి పట్టి తన తోడబుట్టినవాడినే బోగీ ఎక్కించినవాడు. మనవళ్లలో ఒకడు తాత వేషం, ఇంకొకడు తాత తోడబుట్టినవాడి వేషం కట్టి, కెమెరా ముందు మళ్లీ ఎదురెదురుగా నిలబడ్డారు. మన మాటల్లో చెప్పాలంటే అది పూనకం. పోయినవాళ్లు బతికున్నవాళ్ల ఒంట్లోకి వచ్చి, నూరేళ్లుగా ఇంట్లో ఎవరూ ఎత్తని మాట ఎత్తారు.

జెరోమ్‌కు పోయేవాళ్లు పోవద్దని కాదు. బర్గర్ తినండి, లిఫ్టు ఎక్కండి, రాత్రి టూరుకీ పేరు రాయించుకోండి. ఆసుపత్రి గదిలో పడుకున్నాక అర్ధరాత్రి ఎవరో దగ్గినట్టు వినిపిస్తే మీటరు వైపు చూడకుండా, మన ఊళ్లో అడిగినట్టే అడగొచ్చు: ఎవరు నువ్వు, ఏ గనిలో దిగావు, ఎన్నో లెవెల్లో పని, డ్రిల్లుకు నీళ్లిచ్చారా లేదా, నీకు రావలసిన జీతం ఎంత.